మూడు కాళ్ళ మీద తుపాకి

మార్చి 9, ఆదివారం. ధర్మవరం. ఒక ప్రైవేటు బడి వెనక ఉన్న రేకుల షెడ్డు.

హాజరు: నేను. నా అల్లుడు. నా మనవరాలు. పోటీ జరిపించే ఆటల మాస్టరు, మాజీ సైనికుడు. గాలి తుపాకులతో వచ్చిన మరో పద్దెనిమిది మంది అమ్మాయిలు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. నా భార్య హిందూపురంలో ఇంటి దగ్గర ఉంది. ఆమె ఫోనులో మాత్రమే హాజరు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. కింద రాసింది నాకే సరిగా అర్థం కాలేదు. అందుకని మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను.

నా ఉద్యోగం భూముల సర్వేలో గడిచింది. ఎక్కువ కాలం పెనుకొండలో పనిచేసి, రిటైరయ్యాక హిందూపురంలో స్థిరపడ్డాను. సర్వేలో మా ముఖ్యమైన పనిముట్టు థియోడొలైట్. మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, దుర్బిణిలోంచి దూరపు గుర్తును చూసి కోణం కొలుస్తాం. దాన్ని నిలబెట్టడానికే సగం సమయం పోతుంది. కాళ్ళు నేలలోకి తొక్కాలి, నీటిమట్టం బుడగను మధ్యకు తేవాలి, ఆ తర్వాత స్టాండును ఎవరూ తాకకూడదు. తాకితే మొత్తం మళ్ళీ మొదలు. ఈ క్రమం నా చేతుల్లో ఇంకా అలాగే ఉంది.

మనవరాలు నా కూతురి కూతురు. తల్లిదండ్రులు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. తను హిందూపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ మా ఇంట్లోనే ఉంటుంది. ఎన్‌సీసీ క్యాంపులో నేల మీద పడుకుని, ఇసుక మూట మీద రైఫిల్ ఆనించి కాల్చింది. బాగా కాల్చిందని అందరూ మెచ్చుకున్నారట. జనవరి ఆఖర్లో కాలేజీ గోడ మీద ఒక నోటీసు పడింది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్, మహిళలు, జిల్లా జట్టుకు ఎనిమిది మంది ఎంపిక, ఎవరి రైఫిల్ వారే తెచ్చుకోవాలి. అంతే రాసి ఉంది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఏదీ కావాలని నోరు తెరిచి అడిగే రకం కాదు. ఆ సాయంత్రం నా కుర్చీ పక్కన నిలబడి, "తాతా, నేను ఆ ఎనిమిది మందిలో ఉండల్ల" అంది. రెండోసారి కూడా అదే మాట అంది.

అల్లుడు బెంగళూరు పోయి ఎవరి దగ్గరో వాడిన గాలి తుపాకి తెచ్చాడు. లైసెన్సు అక్కర్లేని రకం. గొట్టం వంచితే లోపల స్ప్రింగు బిగుస్తుంది, మీట నొక్కితే చిన్న సీసపు గుండు పోతుంది. దానితోపాటు అమ్మినాయన ఒక సంచి నిండా సామాను ఇచ్చాడు. గొట్టం కింద బిగించే రెండు కాళ్ళు, దాన్ని బైపాడ్ అంటారు. గురి చూసే దుర్బిణి. ఆ దుర్బిణిని తుపాకి వీపు మీద పట్టి ఉంచే రెండు ఉక్కు కడియాలు, వాటిని మౌంట్లు అంటారు. మరలు, తాళాలు, తుడిచే గుడ్డలు. ఆ సంచి విప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోను. దుర్బిణిలో అడ్డగీత, నిలువుగీత చూడగానే పాత స్నేహితుడు ఎదురైనట్టయింది.

"ఇదంతా నేను చూసుకుంటాలే. నువ్వు మీట నొక్కు చాలు" అన్నాను మనవరాలితో.

ఇంటి పక్క సందులో పది మీటర్లు టేపుతో కొలిచాను. ఆ చివర ఇసుక నింపిన పెట్టె, దాని ముందు టార్గెట్ కాగితం. ఈ చివర కడప బండ. పొద్దున ఆరింటికి ఇరవై గుండ్లు, కాలేజీ నుంచి వచ్చాక ఇరవై. ప్రతి గుండూ ఎక్కడ తగిలిందో డైరీలో గీసేవాణ్ణి.

మొదటి వారం ఏమీ అర్థం కాలేదు. కదలని తుపాకి, కదలని కాగితం, అయినా గుండ్లు రోజురోజుకూ జరిగిపోతున్నాయి. మౌంటు అంచున పెన్సిలు గీత గీసి చూశాను. ఇరవై దెబ్బలకు అది గీత దాటి వెనక్కి పోయింది. స్ప్రింగు అదురుకు మౌంటు జారుతోందన్న మాట. మౌంటు అడుగున చిన్న మేకు ఒకటి పొడుచుకు వచ్చి ఉంటే, అనవసరమని మొదటి రోజే నేను తీసేసి అగ్గిపెట్టెలో పెట్టాను. ఆ మేకు పని అది జారకుండా ఆపడమే. మళ్ళీ పెట్టాను.

రెండో వారం ఇంకో చిక్కు. పొద్దున గుండ్లన్నీ పైన, సాయంత్రం కింద ఎడమ పక్క. వెలుతురు అనుకున్నాను. ఎండ అనుకున్నాను. గోడకు థర్మామీటరు తగిలించి డైరీలో ఇంకో గడి పెంచాను. ఆరు రోజుల అంకెలు వేసుకుని కూర్చున్నా కారణం తేలలేదు.

మనవరాలు జడ వేసుకుంటూ వచ్చి చూసి, "తాతా, పొద్దున బండ మీద పెడ్తాండాం. సాయంత్రం బండ కాలుతాదని బొంత పరుస్తాండాం గదా" అంది.

నిజమే. గట్టి బండ మీద బైపాడ్ కాళ్ళు ఎగిరిపడుతున్నాయి, బొంత మీద ఎగరడం లేదు. నా గళ్ళలో బొంతకు చోటు లేదు. అల్లుడు తన మగ్గం దగ్గర మిగిలిన పట్టు పోగులు కూరి ఒక చిన్న దిండు కుట్టి పంపాడు. కాళ్ళు దాని మీద పెట్టాక పొద్దుటి గుండ్లు, సాయంత్రపు గుండ్లు ఒకచోటికి వచ్చాయి.

మూడో వారం మొదట్లో మనవరాలు కాలేజీ నుంచి వచ్చి ఒక మాట చెప్పింది.

"తాతా, మా సీనియర్ చెప్పినాది. ఆడ పండుకోని కాల్చకూడదంట. నిలబడి కాల్చల్లంట."

ఇందులో నాకు ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు. నేను ఉద్యోగమంతా నిలబడే గురి చూశాను. అటక మీద నా పాత సర్వే స్టాండు ఉంది. చెక్క కాళ్ళు, ఇనుప మొనలు. దాన్ని దించి, నూనె పూసి, వెల్డింగు షాపులో దాని తలకు ఒక పలక అతికించాను. ఆ పలక మీద బైపాడ్ కాళ్ళు రెండూ బిగించాను. పలక పక్కన నీటిమట్టం. మనవరాలి భుజం ఎత్తుకు కాళ్ళు సర్దితే తుపాకి గాలిలో గీత గీసినట్టు నిలబడింది. ఆ పిల్ల దాని వెనక నిలబడి చెంప ఆనించింది.

"ఇట్లనే ఉంటాదా తాతా ఆడ?"

"మరెట్ల ఉంటాది? నిలబడి కాల్చల్లంటే తుపాకి యాడ పెడ్తారు?"

ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. నేను అడగనివ్వలేదేమో కూడా. అప్పటికే నా దృష్టి వేరే దాని మీద ఉంది. గొట్టం మీద గాడి కోసిన చిన్న ఉక్కు ముక్క ఒకటి ఉంటుంది. దుర్బిణి లేనివాళ్ళు గురి చూసేది దానిలోంచే, దాన్ని వెనక సైటు అంటారు. దుర్బిణిలోంచి చూస్తే అడుగున దాని నీడ మసకగా పడుతోంది. ఆ సైటును విప్పి అగ్గిపెట్టెలో పెట్టి, చీటీ అంటించి, బీరువాలో బిస్కెట్ల డబ్బాలో దాచాను. నీడ పోయింది. ఆ తర్వాత పది రోజులూ మనవరాలి గుండ్లు చొక్కా గుండీ అంత చోటు దాటి పోలేదు. ఎనిమిది మందిలో మొదటి పేరు తనదేనని నాలో నేను తీర్మానించుకున్నాను.

ఆదివారం పొద్దున రైల్లో ధర్మవరం బయలుదేరాం. పెనుకొండలో ఎక్కిన ఒకాయన నా చేతిలో స్టాండు చూసి దగ్గరికి జరిగాడు.

"ఏం సార్, రోడ్డు వెడల్పు చేస్తాండారా? మా ఇల్లు పోతాదా?"

"లేదప్పా. ఇది తుపాకి స్టాండు."

ఆయన నా ముఖం, మనవరాలి ముఖం చూసి, లేచి ఇంకో సీటుకు పోయాడు.

షెడ్డులో మేం లోపలికి వెళ్ళేసరికి పదయింది. నేను మూడు కాళ్ళూ విప్పి, కాల్చేవాళ్ళు నిలబడే గీత దగ్గర నిలబెట్టి, బుడగను మధ్యకు తెస్తున్నాను. ఆటల మాస్టరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేంది పెద్దాయనా?"

"స్టాండు."

"ఎవురిది?"

"రైఫిల్‌ది."

ఆయన మనవరాలి వైపు తిరిగాడు. "ఏం పాపా, నువ్వు కాలుస్తావా, ఇది కాలుస్తాదా?"

అమ్మాయిలు నవ్వారు. వాళ్ళ చేతుల వైపు నేను అప్పుడు చూశాను. పద్దెనిమిది తుపాకుల్లో ఒక్కదానికీ కాళ్ళు లేవు. ఒక్కదాని మీదా దుర్బిణి లేదు.

"నిలబడి కాల్చల్లని విన్నాం. నిలబడే కాలుస్తాది మా పాప" అన్నాను.

"నిలబడేది మనిషి సార్. తుపాకి కాదు. దాని బరువు మనిషే మోయల్ల. ఆనుకునేదానికి ఏమీ ఉండకూడదు. దుర్బిణి ఉండకూడదు."

"నోటీసులో ఈ మాట రాయల్యా మీరు."

"ఇది గూడా రాయల్లనా? కబడ్డీ నోటీసులో కాళ్ళతో పరిగెత్తల్లని రాస్తామా?"

నేను డైరీ తీసి ఆయన చేతికిచ్చాను. ఏం నిరూపించాలని ఇచ్చానో ఇప్పుడు చెప్పలేను. ఆయన నవ్వకుండానే నాలుగైదు పేజీలు తిప్పాడు. గుండ్లు గీసిన బొమ్మలు చూశాడు.

"శానా బాగా రాసినారు సార్. కానీ ఇవన్నీ ఈ మూడు కాళ్ళ మార్కులు. పాప మార్కులు యాడుండాయి?"

మనవరాలు బైపాడ్ విప్పి స్టాండు మీద నుంచి తుపాకి తీసింది, దుర్బిణి విప్పింది. మాస్టరు తుపాకి చేతిలోకి తీసుకుని వెనక నుంచి చూశాడు.

"వెనక సైటు యాడ?"

"ఇంట్లో ఉండాది" అన్నాను.

"ఎందుకు తీసినారు?"

"నీడ పడుతోందని."

ఆయన పేర్ల కాగితం చూసి, మనవరాలి పేరు ఆఖరి విడతలోకి మార్చాడు. "మూడింటికి ఆఖరి విడత. అప్పటికి సైటు లేకుంటే పేరు కొట్టేస్తా. నా చేతిలో ఇంతే ఉండాది."

పది గంటల ఇరవై నిమిషాలకు నా భార్యకు ఫోను చేశాను.

"బీరువాలో బిస్కెట్ల డబ్బా ఉండాది సూడు. అందులో అగ్గిపెట్టె."

"ఒగటా రెండా? ఈడ ముప్పై, నలభై ఉండాయి. ఏందియ్యా ఇది, నువ్వు అగ్గిపెట్టెల అంగడి పెట్టినావా?"

"చీటీలు చదువు."

"మూడు, గీత, సున్న, ఒక కొక్కెం. దీని మీద ఒక బాణం. ఇది తెలుగేనా?"

ఆ గుర్తులు సర్వే పుస్తకంలో నేను వాడేవి. నాకు తప్ప ఎవరికీ తెలియవు. ఒకరు చదవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సైటు ఏ గుర్తు కింద పెట్టానో ఆ క్షణంలో నాకూ గుర్తు రాలేదు. ఒక పెట్టె విప్పమన్నాను, వాషర్లు. ఇంకోటి విప్పమన్నాను, గడియారం ముల్లు.

"నువ్వు గమ్మునుండు. డబ్బా డబ్బానే తెస్తా" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆమె హిందూపురం నుంచి బస్సెక్కి పెనుకొండ దాకా రావడం, అల్లుడు ఇక్కడి నుంచి మోటారు సైకిల్ మీద పెనుకొండ పోయి డబ్బా అందుకోవడం, ఇలా కుదిరింది. అల్లుడు బయలుదేరుతూ నా స్టాండు వైపు ఒకసారి చూశాడు.

ఆ నాలుగు గంటలు ఏం చేయాలో నాకు తెలియలేదు. స్టాండు మడిచి గోడకు ఆనించాను. మనవరాలు మాత్రం గీత వెనక నిలబడి, మిగతా అమ్మాయిలు కాల్చడం చూస్తూ ఉంది. వాళ్ళు నడుం ఒక పక్కకు వంచి, ఎడమ మోచేయి పక్కటెముకలకు ఆనించి, ఆ చేతి మీద తుపాకి మోస్తున్నారు. తనూ అలా నిలబడి చూసింది. ఖాళీ తుపాకి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. అరచేయి ఎక్కడ పెట్టాలో ఒక అమ్మాయిని అడిగింది. నన్ను ఏమీ అడగలేదు.

రెండున్నర దాటాక అల్లుడు వచ్చాడు. దుమ్ములో ముఖం గుర్తు పట్టలేకుండా ఉంది. డబ్బా నా ముందు పెట్టి కూర్చున్నాడు.

"మామా, మా మగ్గం మీద ఇన్ని వేల పోగులుంటాయి. ఒక్కదానికీ చీటీ అంటించల్యా మేము. అయినా చీర వస్తాది."

ఇద్దరం పెట్టెలు విప్పుతూ పోయాం. సైటు పదకొండో పెట్టెలో దొరికింది. దాన్ని బిగించే మర అందులో లేదు. పద్ధతి ప్రకారం మరలను మరల వరుసలో, లావును బట్టి పెట్టాను. ఆ మర కోసం ఇంకో తొమ్మిది పెట్టెలు విప్పాల్సి వచ్చింది. దొరికాక స్క్రూడ్రైవరు తీసుకుని బిగించబోతే మర రెండుసార్లు జారి కింద పడింది. మనవరాలు దాన్ని నా వేళ్ళలోంచి తీసుకుని తనే బిగించింది. మాస్టరు గడియారం చూసుకుని, "రా పాపా" అన్నాడు.

సరి చూసుకోవడానికి ఐదు గుండ్లు, లెక్కకు ఇరవై. మొదటి ఐదింటిలో ఒకటి కాగితానికే తగలలేదు. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. అక్కడి నుంచి గొట్టం కొన కనిపిస్తోంది. అది చిన్న చిన్న సున్నాలు చుడుతోంది. బుడగ కొంచెం పక్కకు పోతేనే పని ఆపేసిన మనిషిని నేను. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. ఒక్కో గుండుకూ తుపాకి ఎత్తడం, కొన్నిసార్లు కాల్చకుండానే దించేయడం, చేయి విదిలించుకుని మళ్ళీ ఎత్తడం. ఇరవై అయ్యేసరికి ఆ పిల్ల చొక్కా వీపంతా తడిసింది. మాస్టరు కాగితాలన్నీ తీసుకుని, కొలతలు చూసి పేర్లు మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గోడకు అంటిస్తానన్నాడు.

సాయంత్రం అల్లుడి ఇంట్లో కూతురు పిల్ల భుజానికి నూనె రాస్తుంటే పక్కన కూర్చున్నాను.

"కొన నిలవల్యా గదమ్మే. ఎట్ల గురి చూసినావు?"

"అది నిలవదు తాతా. పోతా వస్తా ఉంటాది. నడిమికి వచ్చేటప్పుడు నొక్కల్ల."

"కదిలేటప్పుడా?"

"ఆ. కదిలేటప్పుడే."

నాకు ఇది ఎంత ఆలోచించినా పట్టుబడలేదు. కదులుతున్న దుర్బిణిలోంచి చూసిన కొలతను మేం కొట్టివేసేవాళ్ళం. కొట్టివేయడమే నిజాయితీ అనుకున్నాం. ఈ పిల్ల కదలికలోనే కొలత ఉందంటోంది. నేను తప్పు నేర్పానా, లేక నాకు తెలిసింది వేరే పనా అన్నది తేల్చుకోలేకపోయాను. క్షమించమ్మా అనాలనుకున్నాను. దేనికని అడిగితే ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను.

మరుసటి రోజు సోమవారం. పొద్దున ఎనిమిదింటికి ముందే ముగ్గురం బడికి పోయాం. అటు నుంచి అటే రైలెక్కాలని సామాను వెంట ఉంది. షెడ్డు గోడకు కాగితం అంటించి ఉంది. పంతొమ్మిది పేర్లు, ఎనిమిదో పేరు కింద ఎర్ర గీత. మనవరాలు పై నుంచి ఒక్కో పేరూ చదువుతూ దిగింది. తన పేరు పదమూడోది. దాని దగ్గర ఆగి, చివరి దాకా చదివి, మళ్ళీ పైకి పోయి ఎనిమిదో పేరు పక్కన మార్కులు చూసింది. ముఖంలో నాకు ఏమీ తెలియలేదు.

"పోదాం పా పాపా" అన్నాడు అల్లుడు మెల్లగా.

పోలేదు. లోపల బల్లలు సర్దుతున్న మాస్టరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, నా కాగితాలు సూడొచ్చునా?"

ఆయన కట్ట విప్పి ఇచ్చాడు. నేను కూడా భుజం మీదుగా చూశాను. మొదటి పది గుండ్లు అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాతి పది నల్లటి గుండ్రంలో పడ్డాయి, గుండీ అంత చోటులో కాదు, కానీ లోపలే.

"ఆఖరి పది మాదిరి మొదట్నుంచీ కాల్చింటే గీత పైన ఉంటావు" అన్నాడు మాస్టరు. "ఇప్పుడు చేసేదేమీ ల్యా. జట్టు అయిపోయింది. మళ్ళా ఎంపిక వచ్చే ఏడే. అంతదాకా ఆదివారం ఆదివారం రాగలవా?"

"హిందూపురం నుంచి వస్తా సార్."

"రైఫిల్ ఒగటే తీసుకోని రా. కాళ్ళూ కళ్ళూ ఏమీ వద్దు. మీ తాతను గూడా తీసుకరా. కాగితాలు మార్చేదానికి నాకు మనిషి ల్యాడు."

ఇది మర్యాదో వెటకారమో నాకు తెలియలేదు. "మార్కులు రాసిపెట్టడం నాకు వచ్చు సార్" అన్నాను.

"వద్దు సార్. కాగితాలు మారిస్తే చాలు."

బడి మొదలు కావడానికి ఇంకా అరగంట ఉంది. మనవరాలు పది గుండ్లు కాల్చి పోతానంది. ఆయన సరేనని నా చేతికి ఒక కాగితం, నాలుగు సూదులు ఇచ్చాడు. నేను పది మీటర్లు నడిచిపోయి అట్ట మీద గుచ్చాను. రెండడుగులు వెనక్కి వేసి, ఒక పక్క వాలిందేమోనని చూస్తున్నాను.

"ఆడేం సూస్తాండావు తాతా, ఇట్ల రా!" అని అరిచింది మనవరాలు.

నేను గీత వెనక్కి వచ్చాను. అల్లుడు సామాను దగ్గర నిలబడి రైలు టైము చూసుకుంటున్నాడు. మనవరాలు గొట్టం వంచి గుండు పెట్టింది.